పైడమ్మ పాతిన టెంక

నమోదు 1. అప్పగింత

ఊరి అధ్యక్షుడు గుణాకరం ఈ ఉదయం నన్ను పిలిపించి తోట పని అప్పగించాడు. అప్పగించాడనేది మర్యాద మాట. ఆయన లెక్కలో తోట తయారైపోయింది, గీతలు గీయడం ఒక్కటే మిగిలింది. బల్ల మీద తెర వెలిగించి చూపించాడు. మూడో డోము నేలంతా పరుచుకున్న తామరపువ్వు. ఒక్కో రేకు ఒక్కో విలువట. ఐకమత్యం, శ్రమ, ఆశ, ఇంకా ఏవో. నడిమధ్యలో చిన్న కొలను. ఈ బొమ్మ ఆయన గీసింది కూడా కాదు. యంత్రాన్ని అడిగితే టీ చల్లారేలోపు బోలెడు బొమ్మలు ఇచ్చిందట. వాటిలో ఇది ఆయన మనసును తాకిందట.

తామర పైనుంచి చూస్తేనే తామర. కింద నడిచే మనిషికి అది ఎటు పోయినా అడ్డు తగిలే వంకర దారి. మూడో డోములో పైన ఉన్న కిటికీ ఒక్కటే. అది గుణాకరం గది కిటికీ.

ముందు స్థలం చూసి వస్తానన్నాను.

"స్థలం ఎక్కడికి పోతుందమ్మా, అక్కడే ఉంటుంది. భావన ముఖ్యం," అన్నాడు.

భూమ్మీద ఉన్నన్నాళ్లూ నేను తోటల ప్లాన్లే గీశాను. అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లు, కాలేజీల యజమానులు, ఫాంహౌసుల దొరలు, అందరూ ఇలా భావనతోనే వచ్చేవారు. రాళ్లు పగిలే ఎండలో ఒకాయన స్విట్జర్లాండ్ కావాలన్నాడు. ఆ జబ్బు ఇంత దూరం రాదనుకుని ఈ ఎర్ర గ్రహం మీదికి, ఈ అవతలిగట్టు అనే ఊరికి వచ్చాను. గ్రహం మారింది. అధ్యక్షులు మారలేదు.

నమోదు 2. స్థలం

పని జరగాల్సిన పద్ధతి ఒకటుంది. ముందు నేలను చదవాలి. తర్వాత మనుషుల్ని వినాలి. ఆ తర్వాత కాగితం మీద బుడగలు గీసి ఏ పని ఏ చోట జరగాలో చూసుకోవాలి. అప్పుడు గానీ భావన పుట్టదు. భావన పుట్టాక కొలతల ప్లాను, దాని మీద ఏ మొక్క ఎక్కడ అన్నది. గుణాకరం తలకిందులుగా నిలబడి మొదలుపెట్టాడు కాబట్టి ఆయనకి నా కాళ్లు తప్పుగా కనబడుతున్నాయి.

మూడో డోము నేల చాలా నెలలుగా ఖాళీగా పడి ఉంది. ఇక్కడి ఎర్ర ఇసుకను కడిగి, అందులోని విషపు ఉప్పు తీసేసి, మన మరుగుదొడ్ల ఎరువు కలిపి పరిచిన మట్టి. ఈ ఊళ్లో తిండి పంటలన్నీ మట్టి లేకుండా నీళ్ల తొట్లలో పెరుగుతాయి. మట్టి తొక్కే అవసరం ఎవరికీ లేదు. అయినా తొక్కారు. గాలి యంత్రాల గదినుంచి వంటశాలకి అడ్డంగా ఒక బాట పడి ఉంది. ఎవరూ గీయలేదు, ఆకలి గీసింది. గుణాకరం తామర ఆ బాటను రెండు రేకులతో నరికేస్తుంది.

వాలు చూశాను. పై దీపాల వెలుగు ఎక్కడ పడుతుందో, ఎక్కడ పడదో గుర్తు పెట్టుకున్నాను. తడి కొలిచే ఊచను అడుగడుగునా దింపాను. అంతటా ఎండు మట్టి. ఒక్క చోట మాత్రం, సరిగ్గా కొలను రావాల్సిన చోటే, దోసెడు మేర తడి. ఆ నేల కింద పైపు లేదు. ఉండకూడదు. లీకేజీ అయి ఉండవచ్చని రిపోర్టులో రాశాను.

నమోదు 3. జనం

మనుషుల్ని వినడం ఈ పనిలో నాకు అసలు గిట్టని భాగం. మనుషులకి ఏం కావాలో వాళ్లకి తెలియదు. తెలిసింది చెప్పరు. వంటశాల ముందు బల్ల వేసుకుని కూర్చుంటే వచ్చిన ప్రతివాడూ "భూమ్మీద ఉన్నట్టు ఉండాలి" అన్నాడు. భూమ్మీద ఎక్కడ ఉన్నట్టు అని అడిగితే ఫోను తీసి ఏదో హోటల్ ముందు ఫోటో చూపించాడు. బట్టలుతికే యంత్రాల దగ్గర పనిచేసే ఒకావిడ మాత్రం, ఒంట్లో బాగాలేదా అని ఎవరూ అడక్కుండా కాసేపు నేల మీద పడుకునే చోటు కావాలంది. అంతమందిలో పనికొచ్చిన మాట అదొక్కటే.

చివర్లో సన్యాసయ్య వచ్చాడు. గాలి యంత్రాల దగ్గర ఆపరేటరు. విజయనగరం వైపు మనిషి, యాభై దాటినవాడు. తోటలో ఏం కావాలో చెప్పమంటే ఏమీ వద్దన్నాడు. మధ్యలో ఆ కాస్త నేల మాత్రం తవ్వకుండా ఉంటే బావుంటుందన్నాడు. కారణం అడిగితే, ఊరికే అన్నాడు. ఇంత దూరం వచ్చి కూడా వాస్తు పట్టుకు వేలాడేవాళ్లు ఉన్నారని అనుకున్నాను, ఆయన మాట పక్కన పెట్టాను.

నమోదు 4. బుడగలు

బుడగల బొమ్మ తీసుకెళ్లి గుణాకరానికి చూపించాను. ఇది నడిచే చోటు, ఇది పడుకునే చోటు, ఇది పిల్లలు అరిచే చోటు, ఇక్కడ వెలుగు, ఇక్కడ మసక. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఏంటమ్మా ఇవి, కోడిగుడ్లా?" అన్నాడు.

ఉత్తరపు కొసలో ఉన్న ఊరినుంచి పాలకవర్గం వాళ్లు చూడ్డానికి వస్తున్నారట. వాళ్లని తన గదిలో కూర్చోబెట్టి, కిటికీ తెర తీసి తామర చూపించాలి. వాళ్ల ఊళ్లో అలాంటిది లేదు. ఇంతకుమించి ఆయనకి తోట అవసరమేమీ లేదు. మొక్కలు ప్లాస్టిక్‌వైనా అభ్యంతరం లేదన్నాడు. అది అన్నాక ఆయన మీద నాకు కొంచెం గౌరవం కలిగింది. అప్పటిదాకా ఆయన అన్న మాటల్లో నిజాయితీ ఉన్నది అదే.

లీకేజీ రిపోర్టు మాత్రం శ్రద్ధగా చదివాడు. ఈ ఊళ్లో నీళ్లు కారడం అంటే నెత్తురు కారడం. రెండు రోజుల్లో మరమ్మతు జట్టు వచ్చి ఆ చోట నిలువు లోతు తవ్వి చూస్తుందన్నాడు. ఎటూ కొలనుకి గొయ్యి కావాలి కాబట్టి కలిసొచ్చిందట.

పైపే లేని చోట ఏం కారుతోందో నాకు అంతుపట్టలేదు. తవ్వేలోపు నేనే తేల్చుకోవాలని, రేపు దీపాలు వెలిగే వేళకి అక్కడ ఉండాలని అనుకున్నాను.

నమోదు 5. తడి

పొద్దుటి దీపాలు వెలుగుతుండగా గాలి యంత్రాల షిఫ్టు దిగింది. అందరూ వంటశాల వైపు పోయారు. సన్యాసయ్య ఒక్కడు బాట దిగి మధ్యకి వచ్చి, సంచిలోంచి తన రోజు వాటా తాగే నీళ్ల సీసా తీసి, మూత తిప్పి, సగం నేల మీద పోశాడు. నేను స్తంభం పక్కనుంచి బయటికొచ్చాను. ఆయన బెదరలేదు. సీసా మూత జాగ్రత్తగా బిగించాడు.

"నా తాగీ నీళ్లేనమ్మా. ఎవురివీ తీయనేదు," అన్నాడు.

తర్వాత అడిగినవాటికి మెల్లగా జవాబు చెప్పాడు. ఆయన భార్య పైడమ్మ ఊరి నీళ్లకోసం మంచు తవ్వే మంచుగనిలో పనిచేస్తుంది. అక్కడికి ఒకసారి వెళితే ఆరు నెలల దాకా తిరిగి రానివ్వరు. భూమినుంచి బయల్దేరేటప్పుడు ఒక్కొక్కరికీ చిన్న సంచి సొంత సామాను తెచ్చుకోవచ్చన్నారు. అందరూ ఫోటోలూ బంగారమూ తెచ్చుకుంటే ఆవిడ ఒక మామిడి టెంక తెచ్చింది. ఎండిపోకుండా పెరటి తడిమట్టిలో ముద్దగా చుట్టి, ప్లాస్టిక్ కట్టి, కొబ్బరినూనె డబ్బాలో పెట్టి మూత అంటించింది. భూమి మట్టి చిటికెడు తెచ్చినా ఇక్కడ పెద్ద నేరం. రోగాలు వస్తాయని. దొరికినవాళ్లని మంచుగనిలోనే ఉంచేస్తారు, ఊళ్లోకి రానివ్వరు. మంచుగనికి బయల్దేరే ముందు ఆవిడ ఆ ముద్దను ముద్దగానే ఇక్కడ పాతింది. నీళ్లు పొయ్యమని మొగుడికి చెప్పింది. ఫోను కలిసినప్పుడల్లా ముందు అడిగేది మొలిచిందా అనే.

నాకు ఒళ్లు మండింది. మట్టి తెచ్చినందుకు కాదు, ఆ తెలివితక్కువతనానికి. మామిడి టెంక అన్నేసి నెలలు బతకదని, వాళ్ల ఓడ ఇక్కడ దిగేసరికే అది చచ్చిపోయి ఉంటుందని, ఆయన కుళ్లిన టెంకకి తన గొంతు ఎండబెట్టుకుని నీళ్లు పోస్తున్నాడని చెప్పాను. సుతారంగా చెప్పలేదు.

"తెల్సమ్మా. ఎప్పుడో గోకి చూసినాను. లోపల నల్లటి పొడి."

"తెలిసి ఎందుకు పోస్తున్నారు?"

"అది ఫోన్‌లో అడుగుతాది గదా, నీళ్లు పోసినావా అని. పోసినాను అని చెప్పాల. పొయ్యకుండా చెప్తే నా గొంతులో దానికి తెలిసిపోద్ది. ముప్పై ఏళ్లయి దానికి అబద్దం ఆడనేదు, ఇప్పుడు రాదు." ఆగి మళ్లీ అన్నాడు. "మొలవనేదు అని చెప్తన్నాను. అదీ నిజమే గదా."

అబద్ధం ఆడటం చేతకాక రోజూ సగం దాహంతో పడుకునే మనిషిని అక్కడే వదిలేసి వచ్చేశాను. వచ్చి మరమ్మతు జట్టుకి ఫోను చేసి, తడి ఊచ చెడిపోయింది, నా కొలత తప్పు, లీకేజీ లేదు అని చెప్పాను. నాకు ఆ చేతకానితనం లేదు.

మధ్యాహ్నం గుణాకరం పిలిచి, పాతకాలపు పద్ధతుల్లో ఇలాంటి పొరపాట్లు జరుగుతూనే ఉంటాయని నన్ను ఓదార్చాడు. విన్నాను.

నమోదు 6. వాటా

సన్యాసయ్య ఆస్పత్రిలో చేరాడు. మూత్రపిండంలో రాయి. నీళ్లు సరిగా తాగనివాడికి రావాల్సిందే. డాక్టరు ఆయన్ని కదలనివ్వడం లేదు, సీసా మొత్తం తన ఎదుటే తాగిస్తోంది. నేను చూడ్డానికి వెళ్లానని రాసుకోవడం కూడా నాకు చికాగ్గా ఉంది. వెళ్లాను.

పోసేవాళ్లు ఎవరైనా సరేనని, నీళ్లు పడుతున్నాయని తను నిజంగా చెప్పగలిగితే చాలని అన్నాడు. నన్ను పొయ్యమని అడగలేదు. అడిగి ఉంటే కుదరదని చెప్పేసి హాయిగా ఉండేదాన్ని.

ఇవాళ పోశాను. నా సీసాలోంచి. కుళ్లిన టెంక మీద. ఎంతోమంది డబ్బున్న మూర్ఖులకి పచ్చిక బయళ్లు గీసి ఇచ్చిన నా జీవితంలో ఇంత పనికిమాలిన నీళ్లు ఎప్పుడూ పొయ్యలేదు.

నమోదు 7. మొలక

మొలిచింది.

సీసా వంచబోతూ చూశాను. ముదురాకుపచ్చ సూది, గోరంత. చూడగానే తెలిసింది. మామిడి మొలక అయితే ఎర్రగా, మెత్తగా, తల వంచుకుని వస్తుంది. ఇది నిటారుగా, మెరుస్తూ, సిగ్గు లేకుండా పొడుచుకొచ్చింది. తుంగ. తోటలు వేసేవాళ్ల పాలిట శని. టెంకకి చుట్టిన పెరటి మట్టిలో గడ్డ ఒకటి దాక్కుని ఇంత దూరం ప్రయాణం చేసింది. పచ్చిక బయళ్లు వేసిన ప్రతిచోటా నేను దీనితో యుద్ధం చేశాను. మనుషుల్ని పెట్టి తవ్వించాను, మందు కొట్టించాను, కాంట్రాక్టర్లని తిట్టాను. ఎక్కడా గెలవలేదు.

చెయ్యి దానంతటదే పీకడానికి వెళ్లింది. మళ్లీ వెనక్కి తీసుకున్నాను. ఈ గ్రహం మీద మనం లెక్క చూసి, అనుమతి ఇచ్చి, తొట్టిలో పెట్టకుండా పైకి వచ్చిన మొదటి మొక్క అది. దాని మీద నాకున్న పాత కోపం అలాగే ఉంది. అయినా పీకలేదు.

ఆస్పత్రికి వెళ్లి, ఏదో మొలిచిందని సన్యాసయ్యకి చెప్పాను. అది మామిడి కాదని చెప్పేలోపే పైడమ్మ ఫోను వచ్చింది. ఆయన పక్కకి తిరిగి, "మొలిచింది" అని ఒక్క మాట అన్నాడు. నిజమే చెప్పాడు కాబట్టి ఆయన్ని తప్పు పట్టలేను. పైడమ్మ ఈ వారంలోనే మంచు బండిలో దిగుతోంది.

నమోదు 8. పైడమ్మ

బండి దిగి ఇంటికి పోలేదు, ఆస్పత్రికి కూడా పోలేదు. భుజాన సంచితో, చలికి పగిలి తోలు లేచిన ముఖంతో నేరుగా డోములోకి వచ్చింది. నేను అక్కడే కొలతలు తీసుకుంటున్నాను. ఆవిడకి ఎలా చెప్పాలో నాలుగైదు రకాలుగా అనుకుని ఉంచాను. ఒక్కటీ అవసరం కాలేదు.

"ఇది తుంగ," అంది.

"తుంగే," అన్నాను. టెంక ఎప్పుడో పోయిందని చెప్పాను. సన్యాసయ్యకి తెలుసని, ఆయన అబద్ధం ఆడలేదని కూడా చెప్పాను.

ఆవిడ గొంతుక్కూర్చుంది. ఏడుస్తుందనుకుని నేను టేపు చుట్టడం మొదలుపెట్టాను. ఏడవలేదు. ఇప్పటికి నాలుగు పోచలయ్యాయి. ఒకదాని పక్కన వేలు దూర్చి, తడిమి, వేరు తెంపి నల్లటి గడ్డ ఒకటి బయటికి తీసింది. శనగగింజంత. బొటనవేలితో నలిపి వాసన చూసింది.

"మామిడికాయి బజార్లో కొన్నానమ్మా. ఏ ఊరి చెట్టుదో తెల్దు. మట్టి మాత్రం మా పెరట్లోది. ఇది మా పెరటి తుంగ. పుట్టిన కాణ్ణుంచి పీకుతున్నాను దీన్ని."

నలిపిన గడ్డను నా ముక్కు దగ్గర పెట్టింది. వద్దనేలోపు వాసన వచ్చేసింది. వాన కురిసి వెలిసిన పెరడు, సున్నిపిండి, తడి జుట్టు, ఇంకా పేరు పెట్టలేనివి. యంత్రాలు వడకట్టిన గాలి తప్ప ఏళ్ల తరబడి ఏమీ ఎరగని ముక్కు మీద ఒక్కసారిగా అంత బరువు పెట్టకూడదు. నేను అటు తిరిగి టేపు సరిగా చుట్టుకుందో లేదో చూసుకున్నాను.

ఆవిడ వెళ్తూ వెళ్తూ, ఇది ఎక్కడినుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే తన పేరే చెప్పమంది. మొగుడికి ఏమీ తెలియదని చెప్పమంది. మంచుగనిలో ఇంకో పదేళ్లయినా తను ఉండగలదట. అది విన్నాక నేను నిజం చెప్పే ప్రసక్తే లేదని తేల్చుకున్నాను. తామర కోసం, కిటికీ కోసం, వచ్చిపోయే పెద్దమనుషుల కోసం ఒక మనిషిని మంచులో పాతెయ్యడానికి నేను గుణాకరాన్ని కాను.

నమోదు 9. ప్లాను

ఒప్పించాలంటే ఆయన భాష మాట్లాడాలి. మాట్లాడాను. ఇన్నేళ్లుగా నేను చీదరించుకున్న మాటలన్నీ మడత నలగకుండా నాలోనే ఉన్నాయని తెలిసి నాకే వెగటు పుట్టింది.

కొలను తీసేశాను. ఆ చోట "భూగంధ పీఠం" అని రాశాను. మొక్కల పట్టికలో తుంగ అనే రెండక్షరాలు ఎక్కడా లేవు. శాస్త్రంలో వాడే లాటిన్ పేరు వేసి, పక్కన "సుగంధ కందమూల జాతి, నేలను కప్పునది, ప్రాచీన ఔషధ ప్రశస్తి కలది" అని పెట్టాను. అన్నీ నిజాలే. సన్యాసయ్య కూడా ఒప్పుకునేవాడు. మొక్క ఎలా వచ్చిందన్న గడిలో, విత్తన నిల్వలోంచి ప్రయోగానికి తీసిందని రాశాను. అది అబద్ధం, అది నాది.

తామరను ఆయనకి వదిలేశాను. రేకుల గీతల్ని నేలమట్టానికి తెల్లరాళ్లతో పరిచాను. పైనుంచి చూస్తే పువ్వు. కింద నడిచేవాడి కాలికి అడ్డం రాదు. అసలు బాట గాలి యంత్రాల గదినుంచి వంటశాలకి జనం వేసుకున్నదే. మసక వెలుగు పడే వాలులో పడుకునే చోటు. పిల్లల చోటు ఆయన కిటికీ కింద. అది కావాలనే పెట్టాను.

గుణాకరం ప్లానును అటూ ఇటూ తిప్పి, భూగంధ పీఠం దగ్గర వేలు ఆపాడు.

"ఇదమ్మా భావన అంటే," అన్నాడు. "మొదట్లోనే ఇలా ఆలోచించి ఉంటే మనకి ఇంత ఆలస్యం అయ్యేది కాదు."

సంతకం పెట్టాడు. ఉత్తరపు ఊరివాళ్లు వచ్చి, కిటికీలోంచి తామర చూసి, తలలూపి, టీ తాగి వెళ్లిపోయారు. ఒక్కరూ కిందికి దిగలేదు.

నమోదు 10. కలుపు

చాలా నెలలకి మళ్లీ రాస్తున్నాను. నీళ్లు దొరికిన తుంగ ఏం చేస్తుందో అది చేసింది. పీఠం దాటింది. రాళ్ల సందుల్లో దూరింది. ఐకమత్యం రేకును ముందు మింగింది, తర్వాత ఆశను. షిఫ్టు దిగినవాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని దాని మీద నడిచి వంటశాలకి పోతున్నారు. బట్టల యంత్రాల ఆవిడ రోజూ వచ్చి పడుకుంటుంది. పైడమ్మ ఆస్పత్రినుంచి ఇంటికొచ్చిన మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నీళ్లు తాగావా అని దబాయిస్తుంది. ఆయన తాగానంటాడు. అది నిజమే అయి ఉంటుంది.

కిటికీలోంచి తామర కనబడటం లేదని గుణాకరానికి కోపం వచ్చింది. ఉత్తరపు ఊరివాళ్లు మళ్లీ వస్తున్నారట. ఈసారి అక్కడ కూడా తామర వేస్తారట, మనదాన్ని చూసి. ఊరంతా శ్రమదానం చేసి గడ్డలతో సహా కలుపు పీకెయ్యాలని ఆజ్ఞ వేశాడు. ఎలా పీకాలో నన్ను నేర్పమన్నాడు.

నేర్పాను. పైన లాగితే ఆకే వస్తుంది, కింద గడ్డ మిగిలి పదింతలవుతుంది, కాబట్టి వేలు లోతుకు పోనిచ్చి గడ్డ తియ్యాలి అని అందరికీ చేసి చూపించాను. పనిలో నేను ఎవరినీ మోసం చెయ్యను.

అందరూ వచ్చారు. గుణాకరం కూడా కిందికి దిగి, బూట్లు మాయకుండా రాళ్ల మీద నిలబడి చూశాడు. జనం నేల మీద కూర్చుని తవ్వారు. మొదటి గడ్డ బయటికి తీసినవాడు ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయాడు. పక్కవాడు చూసి తనూ నలిపాడు. అటు చివర్నుంచి ఇటు చివరిదాకా గడ్డలు ముక్కుల దగ్గరికి పోయాయి. సన్యాసయ్య ఎవరికీ ఏమీ చెప్పలేదు, పైడమ్మ కూడా చెప్పలేదు. సాయంత్రానికి రాళ్లు తేలాయి, గంపలు నిండాయి. నేను గంపలన్నీ వరుసగా వంచి చూశాను. అంతా ఆకే. గడ్డ ఒక్కటీ లేదు.

గుణాకరం పైకెళ్లి కిటికీలోంచి చూసుకున్నాడు. తామర స్పష్టంగా కనబడింది కాబోలు, మైకు అందుకున్నాడు. ఊరి క్రమశిక్షణ చూసి తన కళ్లు చెమర్చాయన్నాడు. ఈ విజయం అందరిదీ అన్నాడు. ఒక్కసారి అందరూ గట్టిగా చప్పట్లు కొట్టాలన్నాడు.

ఎవరూ కొట్టలేకపోయారు. పిడికిళ్లన్నీ నిండుగా ఉన్నాయి.